క్లోజప్పులో దవడ పన్ను

జూబ్లీహిల్స్‌లో పళ్ల ఆసుపత్రి తలుపు తియ్యగానే లవంగనూనె వాసన గుప్పుమంది. ఆ వెంటే నాకు కేకు వాసన కూడా గుర్తొచ్చింది.

మేం కృష్ణానగర్‌లో ఒంటిగదిలో అద్దెకున్న రోజుల్లో అమ్మ సినిమాల్లో గుంపు వేషాలు వేసేది. ఎక్కడ పుట్టినరోజు సీనున్నా మా సందులో పిల్లలందరినీ వ్యానెక్కించేవాళ్లు. వేసవి సెలవులన్నీ మాకు పుట్టినరోజులే, ఎవరివో మాత్రం తెలిసేది కాదు. లైట్ల వేడికి కారిపోతున్న క్రీము, టేకు టేకుకీ ఒక కేకు ముక్క, ఏడిస్తే ఊరుకోమని చాక్లెట్, ఏడవకపోతే మెచ్చుకుంటూ ఇంకోటి, అన్నీ తిని పళ్లు తోమకుండానే చాప మీద వాలిపోయేవాళ్లం. పాలపళ్లేగా, ఊడిపోతాయని అమ్మ ధీమా. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చివర్న మొలిచేవి ఉండిపోయే పళ్లని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎనిమిదేళ్లప్పుడు నక్కతోక తొక్కాను. కథానాయిక చిన్నప్పటి వేషం, నోరారా నవ్వే క్లోజప్పు. నవ్వాను. కెమెరా ఆగిపోయింది.

"వెనక పన్ను నల్లగా పడుతోందండీ. వేరే పాపని చూడండి," అన్నారెవరో. అమ్మ మొహం పాలిపోయింది.

మా సందులోనే ఉండే మేకప్ తాత పెట్టె తెచ్చి, నా పన్ను దూదితో తుడిచి తెల్ల మైనం అద్దాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా. షాటయ్యేదాంక నాలుక తాకనియ్యకు, గంతే," అన్నాడు.

షాటు ఓకే అయింది. మైనాన్ని మధ్యాహ్నం పులిహోరతో పాటు మింగేశాను. పన్ను మాత్రం లవంగనూనె దూదికి లొంగక, చివరికి పీకించేదాకా వచ్చింది. అప్పట్నుంచి ఎక్కడ నవ్వినా, కెమెరా వెనక నిలబడి అమ్మ పెదాల మీద వేలు పెట్టేది. నా పెళ్లి ఫొటోల్లో కూడా నేను నోరు తెరవలేదు.

ఇప్పుడు డాక్టరమ్మ మా ఆరేళ్ల పాప కొత్త దవడ పళ్లు శుభ్రం చేసి, ఆరబెట్టి, వాటి గాట్లలో పల్చని మందు రాసి, నీలం లైటుతో గట్టిపరిచింది. సూది లేదు, నొప్పి లేదు.

"పుచ్చకముందే కప్పేస్తున్నాం. ఈ పూత ఊడిందేమో అప్పుడప్పుడూ చూపించండి. తోమడం మాత్రం మానొద్దు," అంది.

వెంట వచ్చిన అమ్మ ఆ లైటు వైపే చూస్తూ, "ఇంతేనా? మనకెవరూ చెప్పలేదేమే," అంది.

తిరిగొస్తూ కృష్ణానగర్ మీదుగా ఆటోలో వచ్చాం. మా ఒంటిగది ఉన్నచోట హాస్టల్ లేచింది. మేకప్ తాత లేడు. పాప దేనికో దవడలు కనపడేలా పకపకా నవ్వింది. అలవాటు కొద్దీ అమ్మ వేలు పెదాల దాకా లేచింది, అక్కడే ఆగి ముక్కు గోక్కుంది.

"నవ్వవే తల్లీ, ఇంకా నవ్వు," అంది.

నేనూ నోరు తెరిచే నవ్వాను.