ఫుట్‌పాత్ మీది రోలు

ఇన్నేళ్ళూ ఒక మాట నా గొంతులో అడ్డంగా పడి ఉంది. కారం దంచి దంచి గొంతు బొంగురుపోయిందని అందరూ అనుకుంటారు. అదీ నిజమే. కానీ మింగలేక, కక్కలేక దాచుకున్న ఈ మాట కూడా అందులో ఉంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మ రాస్తోంది. ఒక్క మాట కూడా మార్చొద్దమ్మా అని ముందే చెప్పాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే మళ్ళీ అబద్ధమే వస్తుంది.

మాది చిలకలూరిపేట. ఇల్లు పెద్దరోడ్డు పక్కనే. మా ఆయన పోయాక మిరపకాయలు కొని, ఎండబెట్టి, తొడిమలు తీసి, రోట్లో దంచి ఇళ్ళకు కారం అమ్ముకుని బతికాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇంటి ముందు సిమెంటు పలకలతో ఫుట్‌పాత్ వేశారు. ఎండకు ఆ పలకలు పెనంలా కాలేవి. కాయలు రెండు రోజుల్లోనే గలగలలాడేవి. అది మనుషులు నడవడానికి వేశారన్న సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. నా కాయల కోసమే వేశారనుకున్నాను.

చిక్కల్లా సైకిళ్ళతో వచ్చింది. రోడ్డు నిండా పత్తి లారీలు. విడిపత్తి ఎత్తిన లారీని మీరు చూశారో లేదో, కప్పిన గోనెపట్టాల్లోంచి రెండు పక్కలా పొట్ట ఉబ్బి, రోడ్డంతా తనదే అన్నట్టు వస్తుంది. దానికి భయపడి మిల్లు పనివాళ్ళు మా సందు మొదట్లో ఏటవాలుగా ఉన్న చోట సైకిలు ఎక్కించి, ఫుట్‌పాత్ మీదే తొక్కేవారు. చక్రం పోతే కాయ పగులుతుంది, గింజ రాలుతుంది, ఇసుక అంటుకుంటుంది. ఇసుక పలుకు ఒక్కటి పంటి కింద పడితే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నా కారం కొనరు.

అందరిలోకీ నెమ్మదిగా తొక్కేది మస్తాను. మా వెనక వీధి మనిషి, స్పిన్నింగ్ మిల్లులో పని. కాయల పక్కన జానెడు చోటుంటే అందులోంచే, గంట కొట్టి మరీ పోయేవాడు. ఒకరోజు పొద్దున ఎవరో కాయలన్నీ తొక్కేసి పోయారు. ఆ కోపం మధ్యాహ్నం షిఫ్టుకు వెళుతున్న మస్తాను మీద పడింది.

"రోడ్డంత రోడ్డు పెట్టుకుని నా కాయల మీదే తొక్కాలట్రా నీకు?"

"నేను కాదక్కా. చూడు, నా చక్రానికి ఒక్క గింజన్నా ఉందేమో! ఆ లారీల పక్కన నువ్వొకసారి తొక్కి చూడు, తాయెత్తు కట్టించుకుంటావు."

"సైకిలుకి రోడ్డుంది. ఫుట్‌పాత్ నడిచేవాళ్ళది."

"మరి నీ మిరక్కాయలు నడుస్తున్నాయా అక్కా?"

నవ్వుతూ వెళ్ళిపోయాడు. కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు నన్ను కాల్చింది. వాడన్నది నిజం కాబట్టి ఇంకా కాల్చింది.

మర్నాడు, పెరట్లో ఉన్న అంచు పగిలిన పాత రోలును దొర్లించుకొచ్చి ఫుట్‌పాత్‌కి అడ్డంగా పెట్టాను. ఎక్కడ పెట్టానో చెప్పాలి, అసలు సంగతి అదే. ఏటవాలు మొదట్లో పెట్టి ఉంటే మస్తాను దూరం నుంచే చూసుకునేవాడు, రోడ్డు మీద లారీలు లేనప్పుడు చూసి నెమ్మదిగా పోయేవాడు. నేను కాయల ముందు పెట్టాను. ఎక్కి వచ్చి, రోలు చూసి, ఆ ఎత్తు గట్టు మీంచి సైకిలు దింపుకోవాలి. దిగితే తెలుస్తుంది అనుకున్నాను. ఏం తెలుస్తుందని? లారీ వస్తుందని అనుకున్నానా? లేదు. రాదని అనుకున్నానా? అదీ అనుకోలేదు. రోజంతా లారీలు చూసే మనిషిని, లారీ మాటే తలుచుకోలేదంటే నన్ను నేనే నమ్మను.

వచ్చాడు. గంట కొట్టాడు. రోలు చూశాడు, నా వైపు చూశాడు. నేను మొహం తిప్పుకుని కాయలు కలియబెట్టాను. వాడు సైకిలు దింపి, రోడ్డు అంచునే, అంచుకు ఇంకా ఇవతలగానే తొక్కడం మొదలుపెట్టాడు. వెనక నుంచి పత్తి లారీ. దాని పొట్ట వాడి భుజానికి రాసుకుంది. మెత్తటి పత్తే. పడిపోయాడు. లారీ వెనక చక్రం వాడి కాలి మీదుగా పోయింది. క్యారేజీ ఊడి, పెరుగన్నం నా కాయల దాకా వచ్చింది.

అందరూ మస్తాను దగ్గరికి పరుగెత్తారు. నేను రోలు దగ్గరికి పరుగెత్తాను.

ఇక్కడ టీచరమ్మ రాయడం ఆపింది. రాయమ్మా అన్నాను. రోలు దొర్లించి పెరట్లో పడేసి, అప్పుడు వచ్చి నిలబడ్డాను. మిగతావాళ్ళంతా చప్పుడు విని వచ్చినవాళ్ళే. పోలీసులు అడిగితే, "నడిరోడ్డు మీద తొక్కాడండీ" అన్నాను. లారీ అతను కూడా అవునన్నాడు.

మోకాలి పైదాకా కాలు తీసేశారు. తలకు దెబ్బ తగిలి ఆ మధ్యాహ్నం సంగతి ఏదీ వాడికి గుర్తు లేదు. ఇంటికొచ్చాక చూడ్డానికి పోయాను. "అక్కా, నువ్వక్కడే ఉన్నావంటగా. నేను పక్కన తొక్కే మనిషిని. నడిమికి ఎందుకెళ్ళాను?" అని అడిగాడు. నన్నే అడిగాడు.

"ఏదో ధ్యాసలో ఉన్నట్టున్నావు మస్తానూ" అన్నాను.

"అంతే అయ్యుంటుంది. నాదే తప్పు" అన్నాడు. వాడి భార్య ఖాసింబి టీ ఇచ్చింది. తాగాను.

కాలు పోగొట్టింది నా రోలు కావచ్చు, లారీ కావచ్చు. కానీ వాడి బుర్రలో లేని తప్పును పెట్టింది నా నోరే. ఆ తర్వాత గుమ్మంలో కూర్చుని బొంతలు కుట్టేవాడు. సైకిలు మీద పోయే ప్రతివాడికీ, "ఒరేయ్, అంచునే తొక్కండ్రా, నాలాగా నడిమికి పోబాకండి" అని చెప్పేవాడు. మా పెరట్లోకి వినబడేది. ఏళ్ళ తరబడి వినబడింది. ఆ రోలు మీద కూర్చుని విన్నాను.

నిరుడు జ్వరంతో పోయాడు. ఆ రోజు కూడా ఖాసింబి, "నడిరోడ్డున తొక్కి బతుకంతా గుమ్మంలోనే కూర్చున్నాడు" అని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. వీపు నిమిరాను.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేడు. ఈ కాగితం రేపు టీచరమ్మ ఖాసింబికి చదివి వినిపిస్తుంది. నేనూ పక్కన కూర్చుంటాను. తిడితే వింటాను, తలుపేసుకుంటే గుమ్మంలోంచి లేచి వస్తాను.

చివర ఈ ముక్క విడిగా రాయమన్నాను. రాసి, పైకి చదివింది. మరోసారి చదవమన్నాను. ఇంకొకరి నోట ఆ నిజం వినడం ఇదే మొదలు.

మస్తాను నడిరోడ్డు మీద తొక్కలేదు. అంచునే తొక్కాడు. రోడ్డు మీదకి దింపింది నేను.