ప్రెస్ షాపు యాదయ్య వినికిడి పరీక్ష

2018లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌లో ఆడియాలజిస్టుని. అంటే చెవి ఎంతవరకు వింటుందో కొలిచే ఉద్యోగం. ఆ ఏడాది పెద్ద అంబర్‌పేట్ దగ్గర కారు తలుపుల భాగాలు చేసే ఫ్యాక్టరీ నుంచి కార్మికులు మా దగ్గరికి రావడం మొదలైంది. ప్రెస్ షాపులో, అంటే రేకును అచ్చుగుద్దే పెద్ద మిషన్ల దగ్గర పనిచేసే అందరికీ వినికిడి పరీక్ష చేయించాలని, వాళ్ల సరుకు కొనే యూరప్ కంపెనీ షరతు పెట్టిందట.

అలా వచ్చినవాడే యాదయ్య. హయత్‌నగర్‌లో ఉంటాడు. ఇరవై ఏళ్లుగా ప్రెస్ ఆపరేటర్. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాను. ఒక్కటీ తప్పలేదు. అదే నాకు అనుమానం తెచ్చింది. నేను శబ్దం పంపినప్పుడల్లా నా భుజం కదులుతోంది, ఆయన చూపు దాని మీదే ఉంది. కుర్చీ పక్కకి జరుపుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి, ఆయన బటన్ నొక్కితే నా ముందు వెలిగే లైటు చాలాసార్లు వెలగలేదు.

తలుపు తీయగానే ఆయనే అన్నాడు. "మేడం, జర మంచిగ రాయుండ్రి. చెవులు పోయినోళ్లను తీసేస్తరంటున్నరు. బిడ్డ డిగ్రీ చదువుతున్నది."

"అబద్ధం రాస్తే మళ్లీ ఆ మిషన్ దగ్గరికే పంపుతారండీ. ఉన్న కాస్త వినికిడీ పోతుంది," అన్నాను గట్టిగా.

మోతకి దూరంగా ఒకరోజు ఉంటేనే పరీక్ష ఫలితం కచ్చితంగా వస్తుంది. ఆదివారం సెలవు కాబట్టి సోమవారం పొద్దున్నే ఇంట్లోవాళ్లని తీసుకుని రమ్మన్నాను.

భార్య సత్తెమ్మతో వచ్చాడు. పరీక్ష అయ్యాక, పక్కనుంచి పిలిస్తే ఈయనకి సగం మాటలు అందవని ఆమెకి చెప్పాను. ఆమె ఆయన వైపు తిరిగింది.

"కోపమనుకున్న గదయ్యా. పిలిస్తే పలుకుతలేవని, రెండేండ్ల సంది నేనే మాట్లాడుడు బంద్ చేస్తి."

"ఏందే?" అన్నాడాయన. అదీ సరిగ్గా వినబడలేదు.

ఆమె కుర్చీ ఆయనకి ఎదురుగా జరుపుకుని, మొత్తం మళ్లీ చెప్పింది. నేను మంచినీళ్లు తెస్తానని బయటికొచ్చేశాను.

రిపోర్టు ఉన్నదున్నట్టే రాసి, మోత లేని చోట నిక్షేపంగా పనిచేయగలడని కింద చేర్చాను. మేనేజరుకి ఫోన్ చేసి కూడా చెప్పాను. యాదయ్యని ప్యాకింగ్‌కి మార్చారు, చెవి మిషన్ ఇప్పించారు. హమ్మయ్య అనుకున్నాను. ఏడాదిన్నర తిరగకుండానే ఆ యూరప్ ఆర్డరు ఇంకా చవగ్గా చేసిపెట్టే మరో దేశానికి వెళ్లిపోయింది. చెవులు బాగున్నవాళ్లూ, పోయినవాళ్లూ అందరూ కలిసే ఉద్యోగాలు పోయి గేటు బయటికొచ్చారు.

చెవి మిషన్ చూపించుకోవడానికి సత్తెమ్మతో వచ్చినప్పుడు ఆ సంగతి యాదయ్యే చెప్పాడు. మన్సూరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కి భార్యాభర్తలిద్దరూ కాపలా ఉంటున్నారట.

"కష్టమే ఉన్నది మేడం. ఇరవయ్యేండ్లు నేర్చుకున్న పని గేటు కాడ ఎందుకు పనికొస్తది? కానీ ఈమె పొద్దుమాపు ముచ్చట పెడుతది. ఆపమన్నా ఆపదు."

"రెండేండ్ల ముచ్చట్లున్నయి మేడం," అని నవ్వింది సత్తెమ్మ.

దేశాలు దాటిపోయే ఆర్డర్లని ఆపడం నా చేతిలో లేదు. కానీ ఒకరి వినికిడి తగ్గితే ఆ ఇంట్లో ఇద్దరు ఒంటరివాళ్లవుతారని ఆ దంపతుల దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు పేషెంటు సరేనంటే, బయట కూర్చున్న భార్యనో, భర్తనో లోపలికి పిలిచి, పక్కన కుర్చీ వేశాకే రిపోర్టు తెరుస్తాను.