సిరా మరక ఉన్న పరదా

మా మేనత్త దర్జీ. నన్ను పెంచింది ఆమే. ఎన్నికలొస్తే మా పేట బడిలో ఓటు వేసే మూలకు పరదా కూడా ఆమే కుట్టేది, మందపాటి నీలం గుడ్డతో, నేల దాకా. "లోపల ఎవడేం చేశాడో దేవుడికి కూడా తెలియకూడదే!" అని నవ్వేది.

ఆ ఏడూ కుట్టింది. తీరా వెళ్తే పరదా ముందు ఒక బల్ల, దాని మీద కలం. అధికారి ఎంత మర్యాదగా చెప్పాడనుకున్నారు! "ఇక్కడే గుర్తు పెట్టేయండి. దాచుకోవాల్సింది ఉన్నవాళ్లు లోపలికి వెళ్లొచ్చు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేదెవరు? అందరం బల్ల మీదే కానిచ్చాం. మామయ్య ఒక్కడే ఆగాడు. ప్రెస్సులో అచ్చు వేసే మనిషి, మహా మొండి. "మా ఆవిడ నడుం పడిపోయేలా కుట్టింది. ఊరికే పోనిస్తానా?" అన్నాడు. వరసలో అందరూ నవ్వారు. నిజంగానే పరదా తీసి లోపలికి వెళ్లేసరికి నోళ్లు మూతపడ్డాయి.

ఆ వారమే పనికి వెళ్లిన మామయ్య తిరిగి రాలేదు. "అలాంటివాడెవడూ ఇక్కడ లేడమ్మా" అన్నారు స్టేషన్లో. ఇరుగుపొరుగు పలకరింపులు మానేశారు. వాళ్ల పిల్లల పుస్తకాలకు అట్టలు వేసిచ్చింది ఆయనే! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎప్పటిలాగే పరదా ఉతకడానికి ఇంటికొచ్చింది. అత్త ఉతకలేదు. అంచున మామయ్య బొటనవేలి సిరా మరక ఉంది. "నా వేలితో నా కన్నే పొడుచుకున్నానే" అంటూ దాన్ని తడుముతూ కూర్చునేది.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. కొత్త పరదా కుట్టమంటే, పాతదే పంపింది. పోలింగు నాడు ఆమె బల్ల దాటబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"వద్దత్తా. నాకింకెవరున్నారు?"

"ఆయన ఇంకా ఆ లోపలే ఉన్నట్టుంటుందే. ఒక్కసారి పలకరించి వస్తా."

సరిగ్గా ఆ మరక మీదే వేలు పెట్టి పరదా తీసింది. అధికారి తలెత్తి చూశాడు. చాలాసేపటికి బయటికొచ్చి, "లేరే" అంది. అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ.

ఇంటికొచ్చాక నేను గడియ వేయబోయాను.

"వెయ్యకు," అంది అత్త, మిషనులోకి దారం ఎక్కిస్తూ. "వేస్తే తలుపు విరగ్గొడతారు. రేపట్నించి ఒక్కదానివే ఉంటావు. నీకు తలుపు కావాలిగా."