గడప కింద తడి

మా ముందుగది గోడకు మూడుసార్లు సిమెంటు పూయించాను. మూడుసార్లూ వానాకాలం దాటకముందే ఉబ్బి పెచ్చులుగా రాలింది. ఊడ్చి ఊడ్చి నా నడుం పోయింది. ఆ గోడ పక్కనే మా ఆయన మంచం. రెండేళ్లుగా ఆయనకు దగ్గు. దవాఖానలో డాక్టరమ్మ మందులు రాసిన ప్రతిసారీ, ముందు మనిషిని ఆ చెమ్మ గదిలోంచి మార్చమంటుంది. మాకున్నవి రెండు గదులు, రెండోది వంటిల్లు. ఎక్కడికి మార్చాలి?

తప్పంతా దగ్గర్లోని సరూర్‌నగర్ చెరువుదే అనుకున్నాను. కొన్నాళ్లు పక్కింటివాళ్లు నేలలో కట్టిన నీళ్ల సంపును తిట్టుకున్నాను. కోస్తా నుంచి వచ్చిన ఆ ఇంటావిడ, "మా సంపు ఎండిపోయి వారమైందండీ, కావాలంటే వచ్చి చూసుకోండి" అంది. వెళ్లి చూశాను కూడా. నా బుద్ధి అలాంటిది.

ఈసారి బడంగ్‌పేట్ నుంచి ఒక ముసలి మేస్త్రిని పిలిపించాను. పై పూత గీకి, పాత ఇటుకలు బయటపడేదాకా తవ్వాడు. అడుగు వరస ఇటుక చేత్తో నొక్కితేనే నలిగిపోయింది. దర్వాజ చౌకట్టు అడుగున ఉలి గుచ్చితే సగం దాకా దిగింది. టేకు చెక్క నానబెట్టిన అటుకుల్లా చేతికొచ్చింది.

"అమ్మా, రోజు వాకిట్ల ఎన్ని బకెట్లు గుమ్మరిస్తరు?" అన్నాడు.

"రెండు. శుక్రారం నాలుగు. గడప కడిగి పసుపు పెట్టొద్దా?"

అతను వాకిట్లో ఒక చెంబు నీళ్లు పోశాడు. కొత్తగా వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరిగి, మా వాకిలి ఇంటివైపే వాలిందని అప్పుడు చూశాను. నీళ్లు తిన్నగా వచ్చి గడప కిందికి దూరాయి.

"చెర్వు గాదమ్మా. గీ నీళ్లే గోడెక్కుతున్నయ్. మీరేమో సిమెంటు పూసి తడిని లోపల్నే మూసేసిన్రు."

శుక్రవారం నాలుగు బకెట్లు మొదటినుంచీ ఉన్నవి కావు. ఆయన దగ్గు తగ్గాలని మొక్కుకుని పెంచినవి. దగ్గు ఎక్కువైన వారం ఇంకో బకెట్ కూడా పోసేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసింది.

చౌకట్టు అడుగు కోయించి కొత్త చెక్క అతికించాం. వాకిలి ఎత్తు పెంచి వాలు రోడ్డువైపు తిప్పించాం. గోడకు ఈసారి సిమెంటు బదులు, తడిని బయటికి పోనిచ్చే సున్నం పూశాడు మేస్త్రి. ఆరడానికి నెలలు పడుతుందట. సంగతంతా చెబితే మా ఆయన, "నాకోసమే పోస్తివి గదా, పోనీ తియ్" అని అటు తిరిగి పడుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

శుక్రవారం పొద్దున గడపను పిండిన గుడ్డతో తుడిచి పసుపు రాశాను. కడిగినట్టే అనిపించలేదు. అలవాటుగా నింపిన బకెట్ పక్కనే ఉంది. లోపల ఆయన దగ్గుతున్నాడు. నీళ్లు పోయకుండా ఆయన కోసం ఎలా మొక్కుకోవాలో తెలియక, ఆ బకెట్ పక్కనే చాలాసేపు కూర్చున్నాను.