బియ్యం డబ్బాలో ఫోను

నా చిన్నప్పుడు మేం జిద్దాలో, బలద్ అనే పాత బజారు వెనక సందులో, ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఉన్నవి ఇవి: రెండు గదులు, ఒక వంటగది, ఊచల కిటికీ, గుర్రుమనే ఏసీ, బియ్యం డబ్బా, ఒక మీటల ఫోను, దాని ఛార్జర్. మనుషులం నలుగురం. మా నాన్న, అమ్మ, తొమ్మిదేళ్ళ నేను, రెండో గదిలో అద్దెకుండే గుంటూరు వైపు మామయ్య. అమ్మను చెల్లెమ్మా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామయ్య అయ్యాడు. అంతకుమించి చుట్టరికం లేదు.

లేనిది ఇకామా. ఆ దేశంలో ఉండటానికిచ్చే కార్డు అది. నాన్నను పనికి రప్పించిన కఫీల్ దాన్ని రెన్యూ చేయించలేదు. పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇంటికి పోవడానికి ఎగ్జిట్ కూడా ఇవ్వలేదు. కార్డు లేకుండా వీధిలో దొరికితే పట్టుకుపోతారని నా బడి ఆగిపోయింది, నాన్న గడప దాటడం మానేశాడు. కాగితాలు సరిగ్గా ఉన్నది మామయ్యకొక్కడికే. ఏసీలు బాగుచేసి వస్తూ మా సరుకులు ఆయనే తెచ్చేవాడు.

ఒకరోజు నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు కఫీల్ ఆఫీసు నుంచి ఫోను వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్ని వారాలు చేసినా వాళ్ళు ఎత్తలేదు. అప్పటినుంచి నాన్న ఫోను పక్కనుంచి కదల్లేదు. ఛార్జి అయిపోతుందేమోనన్న భయంతో దాన్ని ప్లగ్గులోంచి తీసేవాడు కాదు. వైరు ఎంత పొడవో ఆయన అంత దూరమే కదిలేవాడు. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. నేను మాట్లాడితే "సప్పుడు జెయ్యకు, ఫోనొస్తది" అనేవాడు. ఇంట్లో తాళం వేసి ఉన్నది తలుపుకి మాత్రమే కాదని నాకప్పుడు తెలియకపోయినా, ఊపిరాడనట్టు ఉండేది.

మామయ్యకు ఒక అలవాటుండేది. శుక్రవారం పొద్దుగూకేలోపు వంట ముగించి, రెండు ఖుబుజ్ రొట్టెల మీద తెల్ల చేతిరుమాలు కప్పి, మర్నాడు చీకటిపడేదాకా పని ముట్టేవాడు కాదు. గుంటూరు దగ్గర కొన్ని కుటుంబాలు యూదుల ఆచారాలు పాటిస్తాయనీ, తమది అలాంటిదనీ, ఇది సబ్బాతు అనీ మాకు మాత్రమే చెప్పాడు. బయట ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదనేవాడు.

ఒక శుక్రవారం ఆయన నాన్న ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఏంది బావా, కఫీల్ పాస్‌పోర్టు తీసుకున్నాడు సరే, మెడకి పలుపు కూడా వేసిపోయాడా?"

"నీకేం, నీకు ఇకామా ఉన్నది. ఎన్నన్న జెప్తవ్."

మామయ్యకు కోపం రాలేదు. "ఐగుప్తులో, అదే ఈజిప్టులో, మావాళ్ళు బానిసలై ఇటుకలు చేసేవాళ్ళంట బావా. దేవుడు బయటికి తెచ్చాక ఊరు ముందియ్యలా, ఇల్లు ముందియ్యలా. సెలవు రోజు ఇచ్చాడు. ఎడారిలో ఉన్నారు, చేతిలో ఏం లేదు, అయినా ఒక రోజు వాళ్ళదైంది. బానిసకి అది ఉండదు గదా."

నాన్న వైరు వంక చూశాడు. ఫోను ప్లగ్గులోంచి పీకి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది. స్విచాఫ్ చేయాలని ఎవరికీ తోచలేదు.

శనివారం మధ్యాహ్నం డబ్బా మోగింది.

"అయ్యో, మోగుతున్నదయ్యా!" అంది అమ్మ. నాన్న ఒక్క ఉదుటున లేచి మూత మీద చెయ్యి వేశాడు. ఆ ఒక్క కాల్‌లో మా ఎగ్జిట్ ఉండొచ్చు. పోగొట్టుకుంటే మళ్ళీ ఎన్నాళ్ళో. ఆయన మామయ్య వైపు తిరిగాడు.

"నీ ఇష్టం బావా," అన్నాడు మామయ్య. "నేను నీ చెయ్యి పట్టుకోను. పట్టుకుంటే నేను ఇంకో కఫీల్నవుతా."

బియ్యంలోంచి ఆ మోత గొంతు నొక్కినట్టు వచ్చింది. నాన్న చెయ్యి మూత మీదే ఉంది. మోత ఆగింది. ఆయన చెయ్యి తీసి, తన గోడ దగ్గరికి కాకుండా, కిటికీ దగ్గరున్న నా పక్కకొచ్చి కూర్చున్నాడు. పొలం గట్ల బొరియల్లో చెయ్యి పెట్టి ఎండ్రకాయలు పట్టడం ఎలాగో ఆ మధ్యాహ్నం నాకు చెప్పాడు. మా నాన్న కూడా ఒకప్పుడు పిల్లవాడని నాకు తెలిసింది ఆరోజే.

చీకటి పడుతుండగా మామయ్య మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళాడు. ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపిస్తేనే సబ్బాతు ముగిసినట్టట. నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబడి వెతికాం. నాకు రెండు దొరికాయి.

"ఇంక చాలు బావా, పో, తీసుకో," అన్నాడు మామయ్య, జాలిపడి.

నాన్న కదల్లేదు. "ఆగు, ఇంకోటి రానియ్యి," అన్నాడు. వారాల తర్వాత ఆయన తల పైకెత్తి ఉండటం నేను చూశాను. మూడోదాన్ని ఆయనే కనిపెట్టి చూపించాడు.

కిందికొచ్చి చూస్తే ఆ కాల్ కఫీల్ ఆఫీసుదే. నాన్న తిరిగి చేశాడు. ఎత్తినవాడు ఒకే మాట అన్నాడు, "బుక్రా." అంటే రేపు. అంతకుముందు, వాళ్ళు ఫోన్ చేస్తే నాన్న మొదటి రింగుకే ఎత్తిన రోజుల్లో కూడా వాడు చెప్పింది అదే. నాన్న ఫోను వంక చూసి నవ్వాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఎగ్జిట్ వచ్చేసరికి మరో రంజాన్ గడిచింది. ఆ లోపు ప్రతి శుక్రవారం ఫోను డబ్బాలోకి వెళ్ళింది. స్విచాఫ్ చేసి.

ఇప్పుడు నేను మళ్ళీ ఆ దేశంలోనే, జిద్దాకు ఉత్తరాన రాబిగ్ రిఫైనరీలో కొలత పరికరాలు చూసే ఇంజినీర్ని. మేం యూదులం కాలేదు, మామయ్య కమ్మని అడగనూలేదు. కానీ డ్యూటీ లేని ప్రతి శుక్రవారం సాయంత్రం నా ఫోను బియ్యంలో ఉంటుంది. మర్నాడు మేడ ఎక్కుతాను. ఇక్కడ రిఫైనరీ వెలుగుకు ఆకాశం సరిగ్గా కనపడదు. నిన్న రెండు త్వరగానే కనిపించాయి. ఇంకోదాని కోసం నిలబడ్డాను.

మొత్తం మూడు.