వదినను అడగని పంచాయితీ

మొన్న మా వీధి వెడల్పు చేస్తామంటూ కార్పొరేషన్ వాళ్లు వచ్చి, జనం అభిప్రాయాలు వినడానికి మైకు పెట్టారు. పక్కింటాయన నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, "పెద్దవారు, మీరూ ఒక మాట చెప్పండమ్మా" అన్నాడు. మైకు అందుకోబోతుంటే మా వదిన గుర్తొచ్చింది.

వదిన అంటే మా ఆయన అక్క. నేను బళేపేటలో ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె భర్తను పోగొట్టుకుని పుట్టింట్లో ఉంటోంది. కింద గాజుల అంగడి, పైన ఇల్లు. మామగారు కులపెద్ద, ఎవరింట తగవు వచ్చినా పంచాయితీ మా నడవలోనే. ఆయనకు నలుగురినీ అడగడమంటే మహా ఇష్టం. చారులో ఉప్పు చాలిందా లేదా అన్నది కూడా పంక్తిలో ఒక్కొక్కరినీ అడిగి తేల్చేవారు. ఈలోగా చారు చల్లారిపోయేది, అత్తగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉండేది.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు అది. మా మైసూరు సంస్థానంలో మాత్రం ఇంకా రాజావారి దివానుదే పాలన. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కావాలని ఊరంతా కదిలింది. మామగారు అంగడి మెట్టు మీద నిలబడి, "మమ్మల్ని అడక్కుండా మమ్మల్ని ఏలేదానికి వాళ్లెవరప్పా?" అనేవారు. ఒకరోజు ఊరేగింపులో పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. మా ఆయనకు మిల్లులో పని. అంగడి మూతపడకుండా వదినే కూర్చుంది. ఆమె గాజులు తొడుగుతుంటే పసిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదు. బోసి చేతులతో ఆమె ఇతరులకు రంగురంగుల గాజులు తొడగడం చూస్తే నాకు మనసు ఎట్లాగో అయ్యేది. ఆమె మాత్రం కూనిరాగం తీసేది. అంతకుముందు ఆమె గొంతులో పాట నేను వినలేదు.

ప్రజా ప్రభుత్వానికి ఒప్పుకుని రాజావారు దిగివచ్చారు, మామగారు జైలు నుంచి దండలతో ఇంటికి చేరారు. ఆ వారంలోనే కులం పెద్దలు వచ్చి నడవలో కూర్చున్నారు. మొగుడు లేని మనిషి ముత్తైదువలకు గాజులు తొడగడమేమిటని, ఆమెను చింతామణి ఊళ్లో అత్తవారింటికి పంపేయమని వాళ్ల మాట. వదిన వంటింటి గడప దాటి వచ్చింది.

"నాయనా, నేనొక మాట చెప్పల్ల."

మామగారు తలెత్తలేదు. "పెద్దోళ్లు మాట్లాడతా ఉండారు. లోపలికి పోమ్మా."

పంపేయాలన్న తీర్పు ఆయన నోటి నుంచే వచ్చింది. తెల్లారి వదిన జట్కా ఎక్కింది.

ఆ తర్వాత చారు గురించి ఆయన ఎవరినీ అడగలేదు. పెట్టింది తిని లేచేవారు. కొన్ని నెలలకు పెద్దలను మళ్లీ పిలిపించి, "అడక్కుండా చెప్పింది తీర్పు కాదప్పా. అది చెల్లదు" అన్నారు. చాలాసేపు వాదులాడి, చివరకు ఆమె మాట వినడానికి వాళ్లు ఒప్పుకున్నారు. తోడుగా నన్ను తీసుకుని ఆయన చింతామణి వెళ్లారు.

వదిన పెరట్లో రాగులు విసురుతోంది. చిక్కిపోయింది. మాకు మంచినీళ్లు ఇచ్చి, దూరంగా నిలబడింది.

"ఆపొద్దు ఏమి చెప్పల్లనుకుంటివో ఇప్పుడు చెప్పు తల్లీ. అందరూ వింటామన్నారు."

వదిన చేతికంటిన పిండి దులుపుకుంది. "ఆపొద్దు మాట ఉండె నాయనా. ఇప్పుడు ఏమీ లేదు."

ఇంటికి రమ్మని ఎంత బతిమాలినా తల అడ్డంగా ఊపింది. తిరుగు బస్సులో మామగారు శాలువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఆమె మళ్లీ బళేపేటకు రాలేదు. కొన్నేళ్లకు అక్కడే జ్వరంతో పోయింది. ఏం చెప్పాలనుకుందో మాకెవరికీ తెలియదు. ఆ మాట వినడానికి ఎంతసేపు పట్టేది? వక్కముక్క నమిలేంత సేపు. ఆ కాస్త కాలం ఆమెకు ఇవ్వలేకపోయాం. ఆ మాటేమై ఉంటుందోనని అనుకుంటూ గడపడానికి, మిగిలిన కాలమంతా మాకే ఉండిపోయింది.