గుండ్రముద్ర వేసి పంపిన ఉత్తరం

2001 జూన్‌లో నన్ను పెదబయలు మండలంలోని ఒక గిరిజన బాలుర ఆశ్రమ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడిగా వేశారు. ఆశ్రమ పాఠశాల అంటే బడీ హాస్టలూ ఒకే ప్రహరీలో ఉంటాయి. పిల్లల చదువుతో పాటు తిండి, పడక, జ్వరం, జుట్టు అన్నీ హెడ్మాస్టరు నెత్తి మీదే. పిల్లల చదువుల కోసం నా భార్య బొబ్బిలిలో ఉండిపోయింది. నేను ఒక గది క్వార్టర్సులో, ఒక కిరసనాయిలు స్టవ్వుతో కాపురం పెట్టాను. ఆ ఊరికి అప్పటికి ఫోను లేదు. సాయంత్రం హాజరు పిలుపు అయిపోయాక మర్నాడు ప్రార్థన గంట కొట్టేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాడు. వాన మాత్రం దసరా దాటేదాకా మాట్లాడుతూనే ఉంది.

నేను రూల్సు పుస్తకం మింగి కూర్చున్న రకం. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, జరిగినదానికి అదే మూలం కనక.

పదో తరగతి రిజిస్టరులో బాలన్న అనే పేరు ఉండేది. తనకు తాను పెట్టుకున్న పేరు బాలమ్మ. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు. ఈ రాతలోనైనా ఆమె అనే రాస్తాను. ఆలస్యమైనా మర్యాద మర్యాదే. వయసు పదిహేడు. కొండల్లో పిల్లలు ఎనిమిదేళ్ళకో తొమ్మిదేళ్ళకో బళ్ళో చేరతారు, మధ్యలో పోడు పనులకు మానేస్తారు, అందుకని పదో తరగతిలో ఆ వయసు వింత కాదు. వింత కానిది ఇంకొకటుంది. పెద్దలు ఆమెకు మగపిల్లవాడిగానే, మేనరికం అని, చిన్నతనంలోనే పెళ్ళి చేసేశారు. ఆడపిల్ల పుట్టింది. పురిటి నెలలు గడవకుండానే ఆ పిల్ల తల్లి మలేరియాతో పోయింది. నేను చేరేనాటికి బిడ్డకు పది నెలలు. బిడ్డ బాలమ్మ తల్లి దగ్గర పెరుగుతోంది. మా అడ్మిషన్ రిజిస్టరులో పద్నాలుగు గళ్ళున్నాయి గాని, ఈ సంగతులు రాసుకోవడానికి ఒక్క గడీ లేదు.

బాలమ్మ జుట్టు పెంచుకునేది. క్రాపు చేయించుకోమంటే అమ్మవారి మొక్కు అనేది. తలకు తువ్వాలు చుట్టుకుని ఆఖరి బల్ల మీద ఒక్కతే కూర్చునేది. ఆ బల్ల మీద మరొకరికి చోటుండేది, కూర్చునేవాడే లేడు. పడకగదిలో ఆమె ట్రంకు పెట్టెను కుర్రాళ్ళు మూడుసార్లు వానలోకి నెట్టారు. మూడోసారి ఆమె ఫిర్యాదు చేయలేదు. పెట్టె తుడుచుకుని, వంటశాల వరండాలోకి మార్చుకుంది. మా వంటమనిషి నూకాలమ్మ ఒక చాప ఇచ్చింది. ఇది నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకోవడం నాకు సులువుగా ఉండింది.

శనివారం మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె ఇంటికి బయలుదేరేది. మూడు కొండలు దాటాలి. సోమవారం పొద్దుటి హాజరుకు అందేది కాదు. పబ్లిక్ పరీక్షకు నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలి, ఆమెది తరుగుతోంది. పిలిచి అడిగాను. “ఎల్లకపోతే పిల్ల నన్ను మరిసిపోతాది సార్” అంది. నాకు జాలి వేసింది. జాలి వేస్తే హాజరు పట్టీలో అంకె మారదు.

సెప్టెంబరులో ఒక సోమవారం మాత్రం ఆమె వేళకే, ఇంటి నుంచి తిన్నగా ప్రార్థనకు వచ్చి నిలబడింది. నుదుట బొట్టు, చేతులకు ఎర్ర గాజులు, దారిలో ఎక్కడో వేసుకున్నవి. వరసలన్నీ చెదిరిపోయి ఒకటే నవ్వులు. ఆ మధ్యాహ్నం కొందరు కుర్రాళ్ళు ఆమె ఉన్న పంక్తిలో తినం అని కంచాలు బోర్లించారు. కంచాలు బోర్లించినవాళ్ళను పిలిచి అడగాలి. నేను ఆమె తండ్రికి ఉత్తరం రాశాను.

మామూలు ఉత్తరం కాదు. కార్బన్ కాపీ ఆఫీసులో ఉంచి, డిస్పాచ్ నంబరు వేసి, సంతకం కిందా కవరు మీదా బడి గుండ్రముద్ర గుద్దాను. అందులో వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు: ‘మీ కుమారుడు బాలన్న ఆడవేషాలు వేయుచు పాఠశాల క్రమశిక్షణకు భంగము కలిగించుచున్నాడు. తక్షణము హాజరై సంజాయిషీ ఇవ్వనిచో పేరు తొలగించబడును.’ ఆ కొండలకు పోస్టు వారాల మీద వెళ్తుంది. అందుకని శుక్రవారం సంతకు పసుపు తెచ్చిన వాళ్ళ ఊరి మనిషి చేతికిచ్చాను. కవరు జిగురు పెట్టి అంటించాను. బాలమ్మకు తెలియకుండా, గుట్టుగా, పెద్దవాళ్ళ మధ్యనే తేలిపోతుందని నా ఏర్పాటు. మంచి పద్ధతి పాటించానని ఆ రోజు తృప్తిగా కూడా ఉంది.

ఆ శనివారం ఇంటికి వెళ్ళిన బాలమ్మ సోమవారం రాలేదు. తర్వాతి సోమవారమూ రాలేదు. నిజం చెప్పాలంటే మొదట హాయిగా అనిపించింది. పంక్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి. కాని క్వార్టర్సుకు వెళ్ళే దారి వంటశాల వరండా పక్కనుంచే. ట్రంకు పెట్టె మీద చుట్టిపెట్టిన చాప రోజూ కనబడేది. ఒకరోజు నూకాలమ్మ బియ్యం చెరుగుతూ, తలెత్తకుండానే, ఆ గుంట పోయింది కదా, ఇప్పుడు మీ బడి బాగున్నాదా బాబూ అని అడిగింది. వెక్కిరింత లేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. అక్కడ గుంట అంటే ఆడపిల్ల. మూడేళ్ళుగా బడిలో ఉన్న పిల్లను ఎవరైనా గుంట అనగా నేను వినడం అదే మొదటిసారి.

అక్టోబరు ఆఖరుకు పదో తరగతి నామినల్ రోల్స్ పంపాలి. పరీక్షకు కూర్చునే పిల్లల పేర్ల పట్టిక అది. అందులో లేని పేరు ఆ ఏడాదికి లేనట్టే. పేరు కొట్టేసే ముందు హెడ్మాస్టరు ఒకసారి ఇంటికి వెళ్ళి విచారించాలని నిబంధన. ఒక ఆదివారం ఒక్కడినే బయలుదేరాను. వలిసె పూలు కొండవాలంతా పచ్చగా పరుచుకున్నాయి. మొదటి కొండకే నాకు రొప్పు వచ్చింది. చంటిపిల్లను చూసుకోవడానికి ప్రతి వారం ఈ దారి పట్టినదాన్ని నేను సోమరి కింద జమకట్టానని రెండో కొండ మీద తోచింది. మూడో కొండ మీద ఏమీ తోచలేదు, కాళ్ళ నొప్పి తప్ప.

బాలమ్మ తండ్రి సోమన్న పొట్టి మనిషి, మాట నెమ్మది. చోడి అంబలి, అంటే రాగి జావ, ఇచ్చి కూర్చోబెట్టాడు. కొండల్లో పెద్దా చిన్నా అందరికీ ‘నువ్వే’. అందులో అమర్యాద ఉండదు. ఉత్తరం అందిందా అని అడిగాను. అందింది అన్నాడు. సర్కారు ముద్ర వేసిన కాగితం వాళ్ళ ఇంటికి రావడం అదే మొదలట. బిడ్డకు ఉద్యోగమో బహుమానమో వచ్చిందనుకుని, శనివారం దాకా విప్పకుండా దాచి, ఇరుగుపొరుగునంతా వాకిట్లోకి పిలిచి చదివించాడట.

ఎవరు చదివారు అని అడిగాను.

“ఎవులు సదువుతారు బాబూ? మా ఇంట్లో సదువొచ్చింది ఆడొక్కడే కదా” అన్నాడు సోమన్న.

అంబలి గిన్నె కింద పెట్టేశాను. పదకొండేళ్ళుగా ఏజెన్సీలో ఉద్యోగం చేస్తున్నాను. అడ్మిషన్ ఫారాల మీద వేలిముద్రలు వేయించింది నేనే. ఆ వేలిముద్రల వాళ్ళకే ఉత్తరం రాసి, జిగురు పెట్టి అంటించి, గుట్టు కాపాడానని మురిసిపోయాను.

సోమన్న మిగతాది చెప్పాడు. ఊరందరి ముందు తల తీసేసినట్టయిందన్నాడు. బిడ్డను కొట్టలేదు. సామ చేను కాపలా పాకలో ఉండమని పంపేశాడు. మనవరాలిని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. తల్లి లేని పిల్ల, తండ్రి కూడా ఇలాగైతే రేపు దాన్ని ఎవరు చేసుకుంటారని అతని భయం. అది వట్టి మొండితనం అని నేను అనలేను.

చేను గట్టెక్కి పాక దగ్గరికి వెళ్ళాను. బాలమ్మ నన్ను చూసి లేచి నిలబడింది, బళ్ళో లేచినట్టే. పాకలోంచి వాళ్ళ ఇల్లు కనబడుతుంది. చంటిపిల్ల ఏడిస్తే వినబడుతుంది. ఆ ఏడుపు వింటూ మూడు వారాలుగా అక్కడే ఉంది. నాకు ఆమె మొహంలోకి చూడడం కష్టమైంది. ఉత్తరం చేతికిచ్చినప్పుడు ఆ మాటలు దాటేసి, బాగా చదువుకోమన్నారని చెప్పేసి ఉండొచ్చు కదా అని అడిగాను. ఎవరికి తెలుస్తుంది?

బాలమ్మ చెప్పింది. “నా నోటితో ఎన్నాళ్ళనుంచో సెప్పాలనే ఉన్నాది సార్, మాట రానేదు. మీ కాయితంలో ఉన్నాది, సదివీసినాను. ఒక్కటే తప్పు రాసినారు మీరు. ఏసాలు అని రాసినారు. ఏసం కాదు సార్.”

సంజాయిషీ కోరినవాణ్ణి నేను. ఇవ్వవలసింది కూడా నేనేనని అప్పుడు తెలిసింది.

కిందికి దిగి, జేబులో ఉన్న కాగితం మీద అక్కడికక్కడే రెండో ఉత్తరం రాయబోయాను. సోమన్న తొంగి చూసి, ముద్దర లేదేటి అన్నాడు. అతని దృష్టిలో ముద్ర లేని కాగితం ఊరికే కాగితం. న్యాయమే. తప్పు ముద్రతో చేసి దిద్దుబాటు నోటితో చేస్తే ఎలా సరిపోతుంది? మళ్ళీ మూడు కొండలూ దాటి వచ్చి, తర్వాతి శుక్రవారం సంతలో పంపాను. ఈసారి కవరు అంటించలేదు. బాలమ్మ చేత, అదే వాకిట్లో, అందరినీ పిలిచి చదివించమని కబురు చేశాను. ఇలా రాశాను: ‘ఇంతకుముందు నేను రాసిన ఉత్తరంలో వేషాలు అన్న మాట తప్పు. అది వేషం కాదు. మీ బిడ్డ చదువులో గాని నడతలో గాని లోటు లేదు. తన పిల్లను చూసుకోవడానికే వారం వారం ఇంత దూరం నడిచింది. తల్లిని పిల్లకు దూరం చేయవద్దు.’ తల్లి అన్న మాట దగ్గర నా కలం కొంతసేపు ఆగింది. తర్వాత రాసేశాను. ముద్ర గట్టిగా గుద్దాను. డిస్పాచ్ రిజిస్టరులో ‘హాజరు విషయమై’ అని మాత్రం రాసుకున్నాను. నా సర్వీసులో నేను రాసిన అబద్ధపు ఎంట్రీలలో అది నాకు గుర్తున్న ఒక్కటి.

సోమవారం ప్రార్థన వేళకే బాలమ్మ వచ్చింది. తండ్రి ఏమన్నాడని అడిగాను. రెండుసార్లు చదివించుకుని, కాగితం తను తీసుకుని, పిల్లను ఆమె చేతికిచ్చాడట.

బళ్ళో అద్భుతాలేవీ జరగలేదు. హాజరు మినహాయింపుకు దరఖాస్తు పెట్టి సాధించాను. కంచాలు బోర్లించినవాళ్ళను, చేయవలసిన పనే, ఆలస్యంగా పిలిచి మందలించాను. పెట్టె వానలోకి వెళ్ళడం ఆగింది గాని ఆఖరి బల్ల మీద రెండో మనిషి ఎప్పుడూ కూర్చోలేదు. మార్చిలో పరీక్ష రాసింది. పాసైంది.

జూన్‌లో టి.సి. కోసం తండ్రీ బిడ్డా కలిసి వచ్చారు. బాలమ్మ చంకలో పిల్ల. టి.సి.లో పేరు బాలన్న అనే ఉంటుందని, మార్చే అధికారం నాకు లేదని సోమన్నకు చెప్పాను. అతను వేలిముద్ర వేసి, వేలు గోడకు రాసుకున్నాడు.

“కాయితంలో ఎలగున్నా ఉండనీ బాబూ. ఇంటికాడ గుంట దీన్ని అమ్మా అనే పిలుస్తంది” అన్నాడు.

తర్వాత మొలలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. నా మొదటి ఉత్తరం. ఇది నీదే, నువ్వే ఉంచుకో అన్నాడు. రెండోది ఇవ్వలేదు.

ఆ తర్వాత నేను మరో తొమ్మిదేళ్ళు కొండల మీదే పనిచేశాను. పిల్లల తండ్రులకు ఎన్నో ఉత్తరాలు రాశాను. రాసే ముందు ఆ ఇంట్లో చదివేదెవరో కనుక్కున్నాను. ఆ మనిషి గట్టిగా చదవలేని మాట ఏదైనా ఉంటే, అది రాయడం మానేసి నడిచి వెళ్ళాను.